ఏడు రోజుల నోటీసు

"పని మానుకోదలచినా, మాన్పించదలచినా," రమకాత్స కళ్లద్దాల పైనుంచి ఒకసారి చూసి మళ్లీ చదివాడు, "మొదటి ఆరు నెలల లోపైతే ఒకరికొకరు ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి."

"ఆగు నాయనా," అంది మాసెబాతా. "ఆ ఇద్దరూ ఇంకా పనిలో కుదురుకోనే లేదు. అప్పుడే పోవడం గురించి రాశావేంటి?"

"రాసింది నేను కాదమ్మా, చట్టం. రావడానికి ఒక్క వాక్యం, పోవడానికి రెండు పేజీలు. ఏడాది దాటాక పంపించేస్తే, చేసిన ఒక్కో ఏడాదికీ రెండు వారాల జీతం చేతిలో పెట్టి పంపాలి. విన్నావా?"

"విన్నాను. అపశకునంగా ఉంది."

"మా ఆవిడ పెళ్లినాడే ఇలాంటి కాగితం రాయించుకుని ఉంటే ఈపాటికి భాగ్యవంతురాలయ్యేది," అని తన మాటకు తనే నవ్వుకున్నాడు రమకాత్స.

మాసెబాతా నవ్వలేదు. మఫెతెంగ్ జిల్లా కార్యాలయం గోడ పక్కన గొడుగు కింద బల్ల వేసుకుని జనానికి కాగితాలు రాసిపెట్టే రమకాత్స, ముప్పై ఏళ్లు ఆ కార్యాలయంలోనే గుమాస్తా. ఏ కిటికీ దగ్గర ఏ సంతకం అడుగుతారో అతనికి కంఠతా వచ్చు. రొట్టెల దుకాణం పెడతానని మొదటిసారి వచ్చినప్పుడు అతను చెప్పిన ఖర్చుల్లో సగం ఆమె నమ్మలేదు. లైసెన్సు, గది అద్దె ఒప్పందానికి స్టాంపులు, తిండి వస్తువులు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ ఆస్పత్రి పరీక్షలు, మంటలార్పే ఎర్ర డబ్బా. సరిహద్దు అవతల వెపెనర్‌లో కొన్న పాత పొయ్యి కంటే దాని చుట్టూ చేరిన కాగితాలకే ఎక్కువైంది.

ఆ డబ్బు ఆమె భర్త లెబోనా ఊపిరితిత్తులది. అవతలి దేశంలో వెల్కమ్ ఊరి వైపు బంగారు గనుల్లో పదిహేడేళ్లు రాయి తవ్వి, ఆ దుమ్ము రొమ్ములో గడ్డకట్టి, అక్కడే పోయాడు. ఇంటికి ఆయన సామాన్ల రేకు పెట్టె ఒకటి వచ్చింది. ఇరవై ఆరేళ్ల తర్వాత, ఎవరో లాయర్లు ఎక్కడో గెలిచిన కేసు పుణ్యమా అని, పుట్టింటికి ఆవులిచ్చి పెళ్లాడిన భార్యకంటూ పరిహారం వచ్చింది. ఆమె దాన్ని తీసి తినలేకపోయింది. పొయ్యి కొని, గది మీద 'లెబోనా రొట్టెల దుకాణం' అని నీలం రంగుతో రాయించింది. ఇప్పుడది నిలబడకపోతే లెబోనా రెండోసారి పోయినట్టే.

"ఇంత భయమైతే ఒక దారుంది," అన్నాడు రమకాత్స గొంతు తగ్గించి. "ఇద్దరినీ మేనకోడళ్లని రాసేద్దాం. ఇంటి మనుషులు ఇంటి వ్యాపారంలో చేయి వేస్తే కాంట్రాక్టూ లేదు, నోటీసూ లేదు. మన ఊళ్లో సగం దుకాణాలు మేనకోడళ్లతోనే నడుస్తున్నాయి."

"నాకు మేనకోడళ్లు లేరు."

"రాస్తే ఉంటారు."

"వద్దు. లేని చుట్టాలను తెచ్చిపెట్టుకుని మళ్లీ వాళ్లను కూడా పోగొట్టుకోనా? కాంట్రాక్టే రాయి."

"అయితే వచ్చే బుధవారం ఇన్స్‌పెక్టరు వచ్చేలోగా సంతకాలు పెట్టించు. కాగితం లేని పనివాళ్లే ప్రమాదం. మొహాలెస్‌హుక్‌లో ఒకావిడ కొట్లో ఎనిమిది నెలలు చేసిన పిల్ల, పనివాళ్ల తగాదాల కార్యాలయంలో ఎనిమిదేళ్లు చేశానని చెప్పింది. కాగితం లేకపోతే వాళ్లు చెప్పిందే వేదం. సంతకానికి ఎవరైనా సాగదీస్తున్నారంటే, అమ్మా, వాళ్ల మీద ఒక కన్నేసి ఉంచు."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. ఎందుకంటే ఒకరు అప్పటికే సాగదీస్తున్నారు.

పనివాళ్లిద్దరిలో పెద్దది మాపులె, పక్కింటావిడ. యాభై దాటినా నోటికి తాళం లేదు. కాంట్రాక్టు నమూనా వచ్చిన రోజే, "నా పేరు నేను రాయగలను, చదవడం మీ తిప్పలు," అంటూ గీకేసింది. రెండోది సెనాతె, ఇరవై ఏడేళ్లది. మూడు వారాల కిందట దుకాణం తలుపు దగ్గర నిలబడి ఏదో అడగబోతుంటే, పని కోసమేననుకుని మాసెబాతా ఆమె చేతికి పిండి గిన్నె అందించింది. ఆమె ఒక్క క్షణం తటపటాయించి పిసకడం మొదలుపెట్టింది. అలా పిండి పిసికే చేతులు మాసెబాతా చాలాకాలంగా చూడలేదు. భర్త సరిహద్దు అవతల పాత ఇనుము కొట్లో చేస్తాడని చెప్పింది. ఎవరి కోడలివి, ఏ ఊరు అంటే మాత్రం "అవతలి వైపమ్మా," అని ఊరుకుంది.

"సంతకం?" అంటే మొదటిరోజు "రేపు" అంది. రేపు వచ్చాక "ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటాను" అంది. చదివాక "పెన్ను బాగాలేదు" అంది.

"ఏం పిల్లా," అంది మాపులె మకోన్యా పిండి ఉండలు నూనెలోకి జారుస్తూ, "నీ సంతకం ఇంకా పొయ్యిలో ఉడుకుతోందా?"

"మీ నాలుక ఉడికాక దాన్ని దించుతాలే అక్కా."

"చూశావా మాసెబాతా, మాటకేం తక్కువ లేదు. పేరు రాయడానికే వేళ్లు వంకర."

ఆ తర్వాత మాసెబాతా కళ్లు ఆమెను వదల్లేదు. గమనించే కొద్దీ ఒక్కొక్కటే బయటపడింది. ఫోను మోగితే మాపులె "లెబోనా రొట్టెల దుకాణం!" అని వీధి చివరికి వినపడేలా అరుస్తుంది. సెనాతె ఎత్తితే "ఆఁ, రొట్టెలు, చెప్పండి," అంతే. ఒక టాక్సీ డ్రైవరు లోపలికి తొంగిచూసి "ఇది లెబోనా కొట్టేనా?" అంటే, పిండి కర్రతో బోర్డు వైపు చూపించింది.

"బోర్డును కాదు చెల్లీ, నిన్ను అడిగాను."

"బోర్డు నాకంటే బాగా మాట్లాడుతుంది అన్నా. ఎన్ని కావాలి?"

దుకాణం పేరు పలకదు, సంతకం పెట్టదు. రేపు ఆ తగాదాల కార్యాలయంలో నిలబడి ఏం చెప్పాలనో ఇప్పటినుంచే నాలుకను కాపాడుకుంటోంది. రాత్రింబవళ్లు మాసెబాతాకు అదే ఆలోచన.

పైగా శాలువ. పొయ్యి తలుపు తెరిస్తే కనుబొమలు మాడేంత వేడి. మాపులె పల్చటి రవికతో చెమటలు కక్కుతుంటే, ఆ పిల్ల మాత్రం భుజాల మీదుగా ఉన్ని శాలువ కప్పుకుని, రొమ్ము దగ్గర పిన్నీసు పెట్టుకుని తిరిగేది. బయట టాక్సీ స్టాండులో మంచు గడ్డకట్టిన ఉదయాన శాలువ తీసి చంకలో పెట్టుకుని వచ్చి, లోపలికి అడుగుపెట్టగానే కప్పుకునేది. చలిలో తీసి వేడిలో కప్పుకునే మనిషి దానికింద ఏం దాస్తుంది? ఈస్టు పొట్లాలా? వెన్నా? మాసెబాతా రోజుకు రెండుసార్లు లెక్కపెట్టింది. లెక్క సరిపోయేది. సరిపోయే కొద్దీ అనుమానం పెరిగింది. ఒక్క పొట్లం తగ్గినా కొంచెం ఊపిరి పీల్చుకునేదేమో.

సోమవారం ఆగలేకపోయింది. "ఆ శాలువ తియ్యి."

సెనాతె ముఖం పాలిపోయింది. "ఇక్కడా అమ్మా?"

"ఇంకెక్కడ? ఏముందో చూడాలి."

పొయ్యి పైన గోడకు లెబోనా ఫొటో ఉంది, గని టోపీతో, నవ్వీ నవ్వనట్టు. సెనాతె అటు చూడకుండా తల వంచుకుని వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్లింది. మంచు మీద నిలబడి శాలువ విప్పి, రెండు చేతులతో దులిపి చూపించింది. పిండి తప్ప ఏమీ రాలలేదు. మళ్లీ కప్పుకుని లోపలికి వచ్చింది. కళ్లలో నీళ్లున్నాయి. దొంగ కళ్లలోనూ నీళ్లుంటాయి, అనుకుంది మాసెబాతా. లోపల తీయనిది బయట ఎందుకు తీసింది?

మర్నాడు మధ్యాహ్నం ఆమె పిండి గదిలోంచి వస్తూ చూసేసరికి, సెనాతె ఫోను ఎత్తి గోడను ఫొటో తీస్తోంది. లెబోనా పక్కనే లైసెన్సు చట్రం ఉంది.

"ఎవరికి పంపుతున్నావు?"

"మా ఆయనకమ్మా."

"మీ ఆయనకు నా లైసెన్సుతో ఏం పని?"

సెనాతె ఫోను శాలువ అంచులో ముడేసుకుంది.

ఆ రాత్రి మాసెబాతా రేకు పెట్టె మూత ఎత్తి, దించి, ఎత్తింది. ఏదో పోబోతున్నప్పుడు ఆమెకు ఒళ్లు ముందే చల్లబడుతుంది. కాని ఎప్పుడన్నది తెలియదు. పెళ్లయిన రెండో ఏట కొడుకు పుట్టాడు. మొదటి కొడుక్కి తాత పేరే కాబట్టి సెబాతా అన్నారు. మామగారి పేరు కోడలి నోట రాకూడదు గనక, ఊరంతా తనను మాసెబాతా, అంటే సెబాతా తల్లీ, అని పిలుస్తున్నా, తను మాత్రం ఆ పసివాణ్ని "తాతయ్యా" అనే పిలిచింది. ఆరు వారాలు. ఒక ఉదయం లేపబోతే లేవలేదు. లెబోనా కూడా అంతే. చివరిసారి సెలవుకు వచ్చినప్పుడు, ఆమె నీళ్లకు వెళ్లి తిరిగొచ్చేలోగా గని బస్సు వచ్చి వెళ్లిపోయింది. మంచం మీద మడతపెట్టిన కంబళి ఉంది. అంతే.

బుధవారం పదింటికి ఇన్స్‌పెక్టరు మొహాపి వచ్చింది. కంబళి కప్పుకుని, కింద మగవాళ్ల బూట్లు వేసుకున్న లావాటి మనిషి. మకోన్యా ఒకటి చేతిలో పెడితే, "లంచమా?" అంటూనే తినేసి, కాగితాలు బల్ల మీద పరచింది.

"మాపులె సంతకం ఉంది. రెండోది ఖాళీ. ఎవరిది?"

"నాదమ్మా," అంది సెనాతె.

"చదివే సంతకం పెడతారా, లేక దేవుడి మీద భారమా? నా దగ్గర పద్ధతి ఒకటే. పనివాళ్లు పైకి చదవాలి, నేను వినాలి. కానీ."

సెనాతె కాగితం తీసుకుంది. "నేను, సెనాతె, నా ఇష్టపూర్వకంగా..." అక్కడ ఆగింది.

"ఊఁ?"

"నా ఇష్టపూర్వకంగా..." మళ్లీ ఆగింది.

మాసెబాతా ముందుకు జరిగింది. "చూశారా మేడం, మూడు వారాలుగా ఇదే వరస. పేరు పలకదు. ఎవరు నేర్పి పంపారో అడగండి."

"తర్వాతి మాట నేను పలకకూడదమ్మా," అంది సెనాతె, ఇన్స్‌పెక్టరుతో కాదు, నేలతో. "మా మామగారి పేరది."

మొహాపి కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "ఇదా సంగతి! మా వదిన కూడా ఇంతే, మామ పేరులా వినిపిస్తుందని పదేళ్లు ఉప్పును ఉప్పనలేదు. ఇందుకా మాసెబాతా, దొంగను పట్టినట్టు పట్టావు? లెబోనాలు ఈ దేశంలో వందమంది ఉంటారు." పెన్ను తీసింది. "సరే, ఇంకో ఖాళీ కూడా ఉంది. భర్త పేరు?"

"సెబాతా."

మాపులె నోరు తెరిచి, జీవితంలో మొదటిసారి, ఏమీ అనకుండా మూసుకుంది.

మామగారు లెబోనా. కొడుకు సెబాతా. లెబోనాకు ఏ ఇంట్లో మొదటి కొడుకు పుట్టినా, ఎవరికి పుట్టినా, వాడికి ఆ పేరు కాక ఇంకో పేరు ఉండదు. చలిలో తీసి వేడిలో కప్పుకున్న శాలువ, పెరట్లోకి వెళ్లి దులపడం, వంచిన తల, అన్నీ మాసెబాతా కళ్లముందు తిరిగాయి. మామగారి ఎదుట భుజాలు కప్పుకుని తనూ ఎన్నో ఏళ్లు తిరిగింది. అదే శాలువను చూసి దొంగ అనుకుంది.

"మాపులె," అంది చివరికి, "మేడంకి సిలిండర్లు చూపించు. మరుగుదొడ్డి కూడా. నెమ్మదిగా చూపించు."

తలుపు మూసుకున్నాక అడిగింది. "ఎందుకొచ్చావు?"

"మొదట అడుగుదామనే వచ్చాను."

"ఏంటి?"

"వాటా." సెనాతె చేతులు ఇంకా కాగితాన్ని పట్టుకునే ఉన్నాయి. "పరిహారం ఇస్తున్నారని విని మా అత్తగారు ఆ డబ్బిచ్చే కిటికీకి మూడుసార్లు వెళ్లింది. పెళ్లి కాగితమేది, ఆవులెన్ని ఇచ్చారు అన్నారు. ఆవులు మీకిచ్చారు గదమ్మా. ఆవిడకేమీ ఇవ్వలేదు. ఆయన దగ్గుతున్నప్పుడు రాత్రుళ్లు వీపు రాసింది మాత్రం ఆవిడే."

గనుల దగ్గర లెబోనాకు ఇంకో ఇల్లుందని మాసెబాతాకు తెలియకపోలేదు. తెలుసని ఎవరికీ తెలియనివ్వలేదు, అంతే.

"ఆవిడ ఎక్కడుంది?"

"పోయిన చలికాలంలో పోయింది."

"మరి వచ్చిన రోజు అడగలేదేం?"

"అడగబోతుంటే మీరు పిండి చేతిలో పెట్టారు. మాకు వాటా కంటే పనే ముందు అవసరమైంది. ఆ తర్వాత ఎలా అడగాలో తెలియలేదు. ఆయన పేరున్న కాగితం మీద, మీ ఎదుట, పరాయిదాన్నన్నట్టు సంతకం పెట్టడానికి చెయ్యి రాలేదు."

"ఆ ఫొటో?"

"మా ఆయనకు నాన్న ముఖం గుర్తు లేదు. ఆయన పోయేనాటికి మూడేళ్లవాడు. గోడ మీద చూసి..." కాగితం మడతను వేలితో సరిచేసింది. "మీ లైసెన్సు అందులో సగమే పడింది లెండి."

మాసెబాతా ఆ పిల్లను పరకాయించి చూసింది. అన్నీ సరిపోయాయి. ఈస్టు పొట్లాల్లాగే, మరీ సరిగ్గా సరిపోయాయి. నమ్మాలా? ఇవాళ పని, రేపు వాటా, ఎల్లుండి దుకాణమే తమదంటే?

మొహాపి చేతులు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. ఆవిడ వెనకాల మాపులె ముఖం చూస్తే, సిలిండర్ల దగ్గర కథంతా చెప్పేసినట్టే ఉంది.

"ఏం తేల్చారు? ఇంటి మనిషా, ఉద్యోగా? ఇంటి మనిషైతే ఈ కాగితం ఇప్పుడే చించేస్తాను, నాకు సంబంధం లేదు. ఉద్యోగైతే ఇవాళే సంతకం."

రమకాత్స గొంతు మాసెబాతా చెవిలో వినిపించింది. ఇంటి మనుషులైతే నోటీసూ లేదు, రెండు వారాల జీతమూ లేదు. కాని 'నా కోడలు' అని ఒక్కసారి అన్నాక, ఆ రెండో ఇంటిని నలుగురిలో ఒప్పుకున్నట్టే. నాలుక రెండు వైపులా లాగింది. ఈలోగా సెనాతె అంది:

"ఉద్యోగినే అని రాయండి మేడం."

"ఆలోచించుకునే అంటున్నావా?"

"కోడలినంటే ఆవిడకు బరువు. నాకు మాత్రం ఏముంది? మా అత్తగారు పదకొండేళ్లు ఇంటి మనిషి. ఆయన పోయాక గది ఖాళీ చెయ్యమన్న రోజు బస్సు చార్జీ కూడా ఎవరూ ఇవ్వలేదు. ఉద్యోగికైతే ఏడు రోజులన్నా ఉన్నాయి."

మొహాపి కనుబొమలెత్తింది. "తెలివైనదే నీ కోడలు."

"నా ఉద్యోగి," అంది మాసెబాతా చటుక్కున. "ఆ అమ్మాయే అంటోందిగా."

"మరి పైకి చదవాలే. మధ్యలో గొయ్యి ఉంచి చదివితే నేను ఒప్పుకోను."

మాసెబాతా కుర్చీ లాక్కుని సెనాతె పక్కన కూర్చుంది. "ఆ ఒక్క మాట నేను చదువుతాను. నా మొగుడి పేరు చెప్పడానికి నాకు అడ్డమేముంది?"

"నేను, సెనాతె, నా ఇష్టపూర్వకంగా," అని మొదలుపెట్టింది చిన్న గొంతు.

"లెబోనా," అంది పెద్ద గొంతు.

"రొట్టెల దుకాణంలో పనిచేయడానికి ఒప్పుకుంటున్నాను..."

ఆ కాగితంలో ఆ పేరు ఆరుచోట్ల ఉంది. ఇరవై ఆరేళ్లుగా పైకి పిలిచే పని పడని పేరును మాసెబాతా ఆరుసార్లు పిలిచింది. చివరి పేజీ సెనాతె ఒక్కతే చదివింది. అందులో పేర్లు లేవు, పోవడం గురించే ఉంది. తడబడకుండా చదివి, సంతకం పెట్టింది.

"ఇంకొకటి," అంది మొహాపి ముద్ర వేస్తూ. "మంట దగ్గర వేలాడే బట్టలు నిబంధనలకు విరుద్ధం. ఆ శాలువ తీయాలి. లేకపోతే అదీ రాసిపోతాను."

సెనాతె చెయ్యి పిన్నీసు మీదికి వెళ్లి అక్కడే ఆగింది. మిగతా ముగ్గురూ ఫొటో వైపు చూశారు. మాసెబాతా స్టూలెక్కి లెబోనాను మేకు మీంచి దించింది. గోడ మీద పొగచూరని చదరం ఒకటి మిగిలింది.

"పిండి గదిలో పెట్టనా?" అంది మాపులె.

"వద్దు. ఆయనకు దుమ్ము చాలు," అని, గుడ్డలో చుట్టి తన సంచిలో పెట్టుకుంది. "ఇంట్లో ఉంటాడు."

సాయంత్రం గిన్నెలు కడుగుతూ మాపులె నోరు మళ్లీ దారిలో పడింది. "కోడలొచ్చిందాయె. గొర్రె కోసి విందు పెట్టాల్సిన అత్తవి, ఈస్టు పొట్లాలు లెక్కపెడుతున్నావేం?"

"గొర్రె ఖర్చు రమకాత్స రాసిన లెక్కలో లేదు. నాలుగు నెలలు పరీక్ష కాలం ఉంది, అది గడవనీ."

సెనాతె నవ్వడం మాసెబాతా మొదటిసారి చూసింది. శాలువ మడిచి చంకలో పెట్టుకుని తలుపు దగ్గర నిలబడింది, బయట చలి గాలి వీస్తున్నా.

మాసెబాతాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆ పాత చలే. "రేపు వస్తావా?" అంది, ఎటో చూస్తూ.

"ఏడు రోజుల ముందు చెప్పకుండా ఎలా పోతానమ్మా? రాసుకున్నాంగా."

ఆమె వెళ్లాక మాసెబాతా తలుపు వేసి, కాంట్రాక్టు చివరి పేజీ తీసి ఆ వాక్యాన్ని వేలు పెట్టి చదివింది. ఏడు రోజులు. ఆమెకు ఇంతవరకు ఎవరూ ఒక్క పూట కూడా ఇవ్వలేదు. కాగితం మడిచి రవికలో దోపుకుంది. తర్వాత ఈస్టు పొట్లాలు మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది.